తొవ్వ కాదు, దారి

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అమ్మ మాట్లాడటం మానేసింది. అందరితో కాదు. మా ఏడేళ్ళ పాపతో మాత్రమే.

జరిగింది చిన్న విషయమే. మా పాత ఇల్లు బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన రాత్రుల్లో సింహం గొంతు మా మంచాల దాకా వినిపించేది. గచ్చిబౌలి ఫ్లాట్‌లో పెరుగుతున్న మా పాపకు ఆ ఇల్లంటే అందుకే ఇష్టం. ఒకరోజు పొద్దున అమ్మ పాపను తీసుకొని గల్లీ చివర కిరాణా దుకాణానికి పోతూ, "తొవ్వ చూస్కుంట నడువు బిడ్డా" అంది. పాప ఆగింది. కోపంగా కాదు, పొగరుగా కాదు, వాళ్ళ టీచరు చెప్పే పద్ధతిలో ఓపిగ్గా చెప్పింది: "నానమ్మా, తొవ్వ కాదు. దారి అనాలి."

దుకాణం ముందు నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నవ్వారట. అమ్మ కూడా నవ్విందట. ఆ సాయంత్రం నుంచి పాపతో ఆమె మాటలు "తిన్నవా", "పండుకో" దగ్గర ఆగిపోయాయి. రాత్రి చెప్పే కథలు బంద్. నేను అడిగితే "ఏం లేదురా, నాకు నీ బిడ్డ లెక్క మాట్లాడరాదు గద" అంది. అది ఎత్తిపొడుపు అయితే బాగుండేది. కాదు. నిజంగానే అంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరిమీదో తేల్చుకోలేకపోయాను. బడి మీదా? టీవీ మీదా? మా ఆవిడది తెనాలి. పాప "వెళ్దాం", "వచ్చేసింది", "చూశావా" అంటుందంటే అది అక్షరాలా మాతృభాష. దానిమీద నాకు కోపం ఎలా వస్తుంది? వచ్చింది. ఆ కోపం ఎక్కడిదో వెతుక్కుంటూ చదివినవి, గుర్తొచ్చినవి కలిపి రాస్తున్నాను. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. రోజంతా కోడ్ రాసుకునేవాణ్ణి.

ఇలాంటి చిరాకు మన ఒక్కరికే లేదు. ఇంగ్లండులో పిల్లలు చెత్తను ‘ట్రాష్’ అన్నా, మిఠాయిని ‘క్యాండీ’ అన్నా, అక్షరమాల చివర ‘జెడ్’ బదులు ‘జీ’ అన్నా అమ్మానాన్నలకు ఒళ్ళు మండుతుంది. అమెరికా కార్టూన్లనీ యూట్యూబ్‌నీ తిట్టుకుంటారు. అది యూట్యూబ్‌తో పుట్టిన కోపం కాదు. 1920ల చివర మాట్లాడే సినిమాలు వచ్చినప్పుడే, హాలీవుడ్ యాస మన పిల్లల నోళ్ళకు అంటుకుంటోందని అక్కడి పెద్దలు బెంగపడ్డారు. అంతకు కాస్త ముందే, 1927లో, థియేటర్లలో బ్రిటిష్ సినిమాలకు కోటా పెడుతూ వాళ్ళ పార్లమెంటు ఒక చట్టం కూడా చేసింది. అది ముఖ్యంగా వ్యాపారం కోసం చేసిన చట్టం. కానీ పొరుగువాడి సినిమాతోపాటు పొరుగువాడి పద్ధతులూ వస్తాయన్న భయం కూడా ఆ చర్చల వెనక ఉంది.

ఇందులో తమాషా ఏమిటంటే, వాళ్ళు అమెరికావి అనుకొని చిరాకుపడే మాటల్లో కొన్ని ఇంగ్లండులో పుట్టినవే. ఆకురాలు కాలాన్ని ‘ఫాల్’ అనడం కొన్ని వందల ఏళ్ళ కింద ఇంగ్లండులో మామూలే. అక్కడ ఆ వాడుక పోయింది, ఓడలెక్కి అట్లాంటిక్ దాటినవాళ్ళ నోట్లో మిగిలింది. ‘సాకర్’ అనే మాట పందొమ్మిదో శతాబ్దం చివర ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు ముద్దుగా కుదించుకున్నది. ఇప్పుడు అదే మాట ఒక ఇంగ్లీషు తండ్రికి వినిపిస్తే అమెరికా దండయాత్రలా ఉంటుంది. ఎదురు ప్రయాణం కూడా జరిగింది. ‘పెప్పా పిగ్’ చూసి అమెరికా పిల్లలు ‘మమ్మీ’ అంటూ బ్రిటిష్ యాస పోతున్నారని 2019లో అమెరికా తల్లిదండ్రులు చెప్పుకున్నారు. కాకపోతే వాళ్ళు చిరాకుపడలేదు, మురిసిపోయారు.

ఒకే సంగతి ఒకచోట చిరాకు, ఇంకోచోట మురిపెం ఎందుకయింది? బ్రిటన్ తల్లిదండ్రుల చిరాకులో పాత యజమాని అభిమానం ఉంది. ఒకప్పుడు తమ వలస అయిన దేశం ఇప్పుడు తమ పిల్లలకు మాటలు నేర్పుతోంది. 2021లో పోర్చుగల్‌లోనూ ఇదే కథ. బ్రెజిల్ యూట్యూబర్లను చూసి మా పిల్లలు బ్రెజిల్ పోర్చుగీసు మాట్లాడుతున్నారని అక్కడి పత్రికలు రాశాయి. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఇంకాస్త ముందుకెళ్ళి, హిందీలోకి డబ్ చేసిన ‘డోరేమాన్’ ప్రసారాన్నే ఆపేసింది. పిల్లలు ఇంట్లో హిందీ మాట్లాడుతున్నారన్నది కారణం. 1952లో భాష కోసం ఢాకా వీధుల్లో ప్రాణాలిచ్చిన దేశం అది. వాళ్ళ కోపం అహం దెబ్బతిన్న కోపం కాదు, భయం.

కానీ ఈ మూడు దేశాల పిల్లల్లో ఎవరూ, నాకు తెలిసి, నానమ్మను ఆపి "నీ మాట తప్పు" అని దిద్దడం లేదు. ‘ట్రాష్’ అనే పిల్లకు ‘రబ్బిష్’ అనే నానమ్మ మాట తప్పు అని ఏ టీచరూ చెప్పదు. మా ఇంట్లో చిక్కు అక్కడే ఉంది. ఆ చిక్కు ఎంత పాతదో తెలుసుకోవడానికి నేను దూరం పోనక్కరలేకపోయింది. పక్కింటి గోడ చాలు.

మా పక్కింటి ఖాలా దక్కనీ తప్ప వేరే బోలీ ఎరగదు. వద్దంటే ‘నక్కో’, ఔనంటే ‘హౌ’, ఎందుకంటే ‘కైకు’. ‘పర్సోఁ’ అంటే మొన్న కావచ్చు, పోయిన రంజాన్ కావచ్చు, ఆమె పెళ్ళికి ముందు కూడా కావచ్చు. ఆమె మనవడు మా పాప ఈడువాడే. పొద్దంతా హిందీ కార్టూన్లు చూస్తాడు. బిర్యానీ ఇంకొంచెం వడ్డించబోతే ‘నక్కో’ అనడు, ‘ముఝే నహీఁ చాహియే’ అంటాడు, నీటుగా. ఖాలా తల పట్టుకొని, "యే కౌన్సీ బోలీ బోల్రా రే మియాఁ" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా గోడకు ఇవతల మా అమ్మ నవ్వుకునేది. తన వంతు వచ్చేదాకా.

ఖాలా చిరాకు వెనక మూడు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. పద్నాలుగో శతాబ్దంలో, 1327లో తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చిన కాలం నుంచీ, ఢిల్లీ వైపు సైనికులు, సూఫీలు, వ్యాపారులు తెచ్చిన భాష దక్కన్‌లో స్థిరపడింది. మరాఠీ, కన్నడ, తెలుగుల పక్కన కాపురం చేసి కొత్త రూపు తెచ్చుకుంది. ఖాలా అనే ‘నక్కో’ మరాఠీ ‘నకో’కి చుట్టం. 1591లో ఈ నగరాన్ని కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ దక్కనీలోనే, అందులో తెలుగు మాటలూ కలిశాయి. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పురానాపూల్ 1578లో కట్టింది. ఆ వంతెన మీద అప్పట్లో నడిచిన జనం భాష ఢిల్లీ జనానికి నాటుగా వినిపించేదేమో కానీ, రాజు కవిత్వానికి మాత్రం సరిపోయింది.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. 1700 ప్రాంతంలో దక్కన్ కవి వలీ ఢిల్లీ వెళ్తే, పారసీలో మాత్రమే కవిత్వం రాయాలనుకునే అక్కడి కవులకు ఈ భాషలోనూ రాయొచ్చని తెలిసింది. వాళ్ళు రాశారు, సానపట్టారు, కొన్ని తరాలకు ఢిల్లీ, లక్నో ఉర్దూ ‘అసలు’ ఉర్దూ అయింది, దానికి దారి చూపిన దక్కనీ ‘యాస’ అయింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కవిత్వంలో గురువుగా పెట్టుకున్నది ఢిల్లీ కవి దాగ్‌ను. దాగ్ 1905లో హైదరాబాద్‌లోనే పోయాడు. 1880లలో పారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయినప్పుడూ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైనప్పుడూ, కొలువైంది ఉత్తరాది ఉర్దూయే. దాంతోపాటు ఉత్తరాది ఉద్యోగులు వచ్చారు. ‘ముల్కీ’, ‘గైర్ ముల్కీ’ గొడవ మొదలైంది. ఉద్యోగాల కోసం పుట్టిన ఆ తగవులో మాటతీరు కూడా ఒక గుర్తింపు కార్డే. 1965లో ‘గుమ్నామ్’ సినిమాలో మెహమూద్ హైదరాబాదీ యాసలో మాట్లాడితే దేశమంతా నవ్వింది. నవ్వించడానికే వాడిన యాస అది.

అంటే ఖాలా మనవడికి హిందీ కార్టూన్ నేర్పిన పాఠం కొత్తది కాదు. ఢిల్లీ ఆ పాఠం ఎప్పటినుంచో చెబుతోంది, టీచరు మారింది అంతే.

మరి తెలుగు? ఉర్దూ రాజ్యంలో తెలుగు కథ ఇంకా ఇరుకు. 1921 నవంబరులో ఇక్కడి వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గేలి, చప్పట్లు. ఆయన్ను సాగనివ్వలేదు. ఆ అవమానంతో రగిలి, సభలో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళు కలిసి ఆంధ్ర జనసంఘాన్ని పెట్టుకున్నారు. అదే తర్వాత ఆంధ్ర మహాసభగా ఎదిగి తెలంగాణ చరిత్రనే మార్చేసింది. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి జవాబిచ్చారు.

గమనించాల్సింది ఏమిటంటే, గేలి చేసింది మరాఠీ, ఉర్దూ తెలిసినవాళ్ళు. కవులు లేరన్నది సాటి తెలుగువాళ్ళు. ఈ రెండో రకం దెబ్బ 1956 తర్వాత రోజువారీ సంగతి అయింది. గిడుగు రామమూర్తి జీవితమంతా గ్రాంథికం మీద పోరాడి వాడుక భాషను బడిలోకి, పత్రికల్లోకి తేవడానికి దారి వేశారు. అది మనందరికీ మేలే. నేనీ వ్యాసం ఇలా రాయగలుగుతున్నది ఆ పుణ్యానే. కానీ ‘వాడుక’ అంటే ఎవరి వాడుక? పత్రికలు, పుస్తకాలు ఎక్కువగా ఉన్న కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల మాటలు ఏరిన గొప్ప పని అది. తెలుగును పూర్వ, ఉత్తర, దక్షిణ, మధ్య అనే నాలుగు మాండలికాలుగా చూపింది ఆయనే. శాస్త్రంలో నాలుగూ సమానమే. బడిలో మాత్రం ‘మధ్య’ది భాష అయింది, చుట్టూ ఉన్న మూడూ యాసలయ్యాయి.

‘మీ తెలుగులో ఉర్దూ ఎక్కువ’ అన్నది మేము చిన్నప్పుడు తరచుగా విన్న మాట. నిజమే. మేము దవాఖానకు పోతాం, దస్తీతో ముఖం తుడుచుకుంటాం, పని షురూ చేస్తాం, పరేషాన్ అవుతాం. కానీ ఆ మాట అన్నవాళ్ళు ఖర్చు చేయరా? జవాబు చెప్పరా? రాజీనామా ఇవ్వరా? రైతు, వకీలు, దస్తావేజు ఎక్కడివి? కోస్తా కూడా గోల్కొండ ఏలుబడిలో, ఆ తర్వాత నిజాం కింద ఉన్నదే. 1766లో నిజాం ఆ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. ‘సర్కారు జిల్లాలు’ అని వాటికి పేరు. ఆ పేరులో ‘సర్కారు’ పారసీది, ‘జిల్లా’ అరబ్బీది. వాళ్ళ అరువు మాటలు పాతబడి తెలుగైపోయాయి, మా అరువు మాటలకు ఇంకా కొత్తదనం పోలేదు. తేడా అంతే.

ఇంకో సంగతి. పదహారో శతాబ్దంలో పొన్నెగంటి తెలగన్న సంస్కృతం వాసన లేకుండా ‘యయాతి చరిత్ర’ రాశాడు. మొదటి అచ్చతెలుగు కావ్యం అదే. దాన్ని అంకితమిచ్చింది ఎవరికి? కుతుబ్ షాహీల కొలువులో ఉన్న అమీన్‌ఖాన్‌కు. ఆయన ఊరు పటాన్‌చెరు, ఇవాళ మా ఆఫీసు బస్సు ఆగే స్టాపుల్లో ఒకటి. ‘స్వచ్ఛమైన తెలుగు’ అనే మాట ఎవరైనా గట్టిగా అన్నప్పుడల్లా నాకు ఆ స్టాపు గుర్తొస్తుంది.

ఇక తొవ్వ. మా పాప తప్పన్న మాట. అది ‘త్రోవ’. పాత కావ్యాల్లో ఉన్న మాట. నోటి వాడుకలో రకారం జారిపోయి తొవ్వ అయింది. ఇంగ్లండులో ‘ఫాల్’ పోయినట్టు పుస్తకాల్లోంచి ఆ మాట పక్కకు జరిగింది, మా అమ్మ నోట్లో మిగిలింది. ఈ సంగతి మా ఆవిడతో చెబితే ఆమె కాసేపు ఆగి, "మా అమ్మమ్మ ‘తోవ’ అనేది. అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడూ అంటుంది. నేనే అనను" అంది. నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ ఇది తెనాలికీ బహదూర్‌పురాకూ మధ్య ఉన్న తగవు అనుకున్నాను. పాఠ్యపుస్తకం తెనాలి ముసలమ్మ మాటనూ అదే నిశ్శబ్దంతో పక్కన పెట్టింది. తేడా ఒక్కటే. తెనాలి అమ్మమ్మకు తన మాట తప్పు అని ఎవరూ చెప్పలేదు.

చెప్పినవాళ్ళలో సినిమా ఒకటి. 1985లో ‘ప్రతిఘటన’లో కాశయ్య పాత్రకు తెలంగాణ మాట పెట్టారు. విలన్. ఆ మాటను అంత పట్టుగా పలికి పేరు తెచ్చుకున్న కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. 2017లో ‘ఫిదా’ వచ్చింది. బాన్సువాడ భానుమతి తెలంగాణ మాటలతోనే హీరోయిన్. ఆ గొంతు సాయిపల్లవిది, కోయంబత్తూరులో పెరిగిన అమ్మాయిది. విలన్ మాటా, హీరోయిన్ మాటా రెండూ బయటివాళ్ళే నేర్చుకొని పలికారు, ఇద్దరూ గొప్పగా పలికారు. అంటే ఆ మాటలో నేరమూ లేదు, అందమూ లేదు. ముప్పై రెండేళ్ళలో మారింది మాట కాదు, దాన్ని ఎవరి నోట్లో పెట్టాలన్న నిర్ణయం.

ఆ ముప్పై రెండేళ్ళ మధ్యలోనే నా బడి చదువు జరిగింది. ఇప్పుడు చెప్పాల్సిన విషయం చెప్పాలి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. నాయినకు డ్యూటీ. అమ్మ బయల్దేరింది. గేటు దగ్గర నేను ఆగి, "నువ్వేం మాట్లాడకు, నేను మాట్లాడతా" అన్నాను. మా క్లాసులో "గిట్ల", "గట్ల" అంటే నవ్వేవాళ్ళు. ఆర్నెల్లు కష్టపడి నేను "ఇలా", "అలా" నేర్చుకున్నాను. అమ్మ లోపలికి వచ్చి "మా పిలగాడు మంచిగ సదువుతుండా సారూ" అంటే ఆ ఆర్నెల్ల కష్టం నీళ్ళపాలు అవుతుందని భయం. అమ్మ మాట్లాడలేదు. సారు అడిగిన ప్రతిదానికీ తల ఊపింది. ఇంటికి వస్తుంటే తొవ్వంతా కూడా మాట్లాడలేదు.

కాబట్టి దుకాణం ముందు పాప అన్న మాట అమ్మకు కొత్త కాదు. పాతికేళ్ళ కింద ఒకసారి విన్నదే. అప్పుడు దిద్దింది నేను. ఇప్పుడు నాకొచ్చిన కోపంలో సగం, నేను చేసిన పనే నా బిడ్డ చేస్తుంటే చూడలేకపోవడం.

ఆ గొలుసు నాతో మొదలవలేదు కూడా. మా నాయినమ్మ షాద్‌నగర్ దిక్కు పల్లెటూరి మనిషి. పట్నంలో పుట్టిపెరిగిన మా అమ్మ కోడలుగా వచ్చాక, అత్త మాటలు విని పక్కింటివాళ్ళతో కలిసి నవ్వేదని నాయిన చెప్పేవాడు. అడిగితే అమ్మ కాదనలేదు. "పట్నపోళ్ళం గద, అట్ల ఉండె అప్పట్ల" అంది. ఢిల్లీ దక్కనీని చూసి నవ్వింది. సభలో ఉర్దూ, మరాఠీ మనుషులు తెలుగును చూసి నవ్వారు. బడి తెలంగాణను చూసి నవ్వింది. పట్నం పల్లెను చూసి నవ్వింది. ప్రతి వరసలోనూ చిరాకు పడ్డవాళ్ళు, కిందటి వరసలో ఎవరినో దిద్దినవాళ్ళే.

మరి పిల్లలకు ఈ మాటలు ఎవరు నేర్పుతున్నారు? నేను యూట్యూబ్ మీద వేసిన నేరం నిలబడదని ఒక పరిశోధన చదివాక తెలిసింది. ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊరు 1967లో కాగితం మీద గీసి కట్టింది. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి చేరారు. మన గచ్చిబౌలి, కొండాపూర్‌ల లాగే. 1990లలో పాల్ కెర్స్‌విల్, ఆన్ విలియమ్స్ అనే ఇద్దరు అక్కడి పిల్లల మాటలు రికార్డు చేసి చూశారు. నాలుగేళ్ళవాళ్ళలో అమ్మానాన్నల ఉచ్చారణ జాడలు ఉన్నాయి. ఎనిమిదీ పన్నెండేళ్ళు వచ్చేసరికి అవి పలచబడి, తోటి పిల్లలంతా కలిసి మాట్లాడుకునే ఒక కొత్త తీరు తేలింది. ఏ తల్లిదీ కాదు, ఏ తండ్రిదీ కాదు. మా అపార్ట్‌మెంట్ పార్కులో సాయంత్రం ఆరింటికి నిలబడి వింటే అదే వినిపిస్తుంది. శ్రీకాకుళం, కర్నూలు, వరంగల్, తెనాలి, మధ్యలో ఇంగ్లీషు, కాస్త కార్టూన్ హిందీ. పిల్లలు మన మాటను పోగొట్టడం లేదు. వాళ్ళ ఊరికి కావలసిన మాట వాళ్ళు కట్టుకుంటున్నారు. పూర్వం దౌలతాబాద్ దారిలో దక్కనీ పుట్టింది కూడా ఇలాగే అయ్యుండాలి.

అందుకే పాపను "తొవ్వ అను" అని బలవంతపెట్టే ఆలోచన మానుకున్నాను. అదీ దిద్దుడే అవుతుంది, దిశ మారుతుంది అంతే. మనకు ఇప్పుడు రెండు భాషా దినాలున్నాయి. ఆగస్టు 29 గిడుగు పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. పదకొండు రోజులు తిరిగితే సెప్టెంబరు 9 కాళోజీ పుట్టినరోజు, 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవం. ఇంటి మాటకు బడిలో మర్యాద కావాలని జీవితాంతం కొట్లాడిన కాళోజీ తల్లిది కన్నడ దేశం, తండ్రిది మరాఠీ మూలం. తెలంగాణ మాట ఆయన ఎంచుకున్నది. ఎంచుకోవాలంటే ముందు అది తప్పు అనే మాట వినకుండా ఉండాలి.

పాపకు నేను చెప్పింది ఒక్కటే. దారి, తొవ్వ రెండూ ఒప్పే. నానమ్మ దగ్గర ఉన్న మాట నీ పుస్తకంలో లేదు, అంటే పుస్తకం కంటే నానమ్మ దగ్గర ఒక మాట ఎక్కువ ఉన్నట్టు. అది అర్థమయిందో లేదో. కానీ మర్నాడు పొద్దున నోట్‌బుక్ పట్టుకొని అమ్మ దగ్గరికి పోయి, "నానమ్మా, నీ దగ్గర ఇంకేం ఉన్నాయి?" అని అడిగింది. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గదిని చూపించి "అర్ర" అంది. చద్దన్నాన్ని "సద్ది" అంది. గోంగూర కట్ట తీసి "పుంటికూర" అంది. పాప రాసుకుంది, తప్పులతో. ఆ రాత్రి కథ మొదలయింది, సగంలో ఆగింది, మర్నాడు మళ్ళీ మొదలయింది.

నేను కూడా అమ్మకు బాకీ ఉన్న ఒక మాట చెప్పాను, ఎనిమిదో తరగతి మీటింగు సంగతి. ఆమె "నాకు యాది లేదురా" అంది. యాది ఉంది. యాది లేదనడం ఆమె పద్ధతి.

పోయిన ఆదివారం మళ్ళీ బహదూర్‌పురా వెళ్ళాం. 2022లో కట్టిన ఫ్లైఓవర్ దిగుతుండగా పాప ఫోన్‌లో మ్యాప్ చూస్తూ, "డాడీ, దారి లెఫ్ట్‌కి చూపిస్తోంది" అంది. ఎడమకు తిరిగి, గల్లీ మొదట్లో కారు ఆపి, నడవడం మొదలుపెట్టాం. అప్పుడు నా చెయ్యి వదిలేసి, "ఇక్కణ్ణించి నాకు తెలుసు, ఇది నానమ్మ తొవ్వ" అని ముందుకు పరిగెత్తింది. మ్యాప్‌లో ఉన్నది దారి, నానమ్మ ఇంటికి పోయేది తొవ్వ. ఆ తేడా తనకు ఎవరూ చెప్పలేదు. నేను దిద్దలేదు.